కార్పెంటర్ సినిమాల్లో కర్ట్ రసెల్ బెస్ట్ ఏదంటే నా ఓటు మెక్‌రెడీకే

హారర్‌లో మీ ఫేవరెట్ డైరెక్టర్ ఎవరు, జాన్ కార్పెంటర్, కర్ట్ రసెల్ కాంబినేషన్‌లో రసెల్ బాగా చేసింది ఏ సినిమా అని కదా అడిగారు. రెండిటికీ కలిపే చెప్తా, నాకు ఆ రెండూ ఒకే ప్రశ్న.

డైరెక్టర్ అంటే కార్పెంటరే. మా తమ్ముడు సామ్ రైమీకి వీరాభిమాని, వాడితో ఈ టాపిక్ ఎత్తితే ఇక తెల్లారిపోవాల్సిందే. ఈవిల్ డెడ్‌లో కెమెరానే దెయ్యం రా, చెక్కకి కెమెరా బిగించి ఇద్దరు చెరోవైపు పట్టుకుని అడవిలో పరిగెత్తారు, అంత తక్కువ డబ్బుతో అలాంటి ఐడియా ఇంకెవడికైనా వస్తుందా అంటాడు. కాదనను, కానీ రైమీ సినిమా చూస్తుంటే నాకు భయం కన్నా హుషారు ఎక్కువ వస్తుంది, అందులో హీరో బ్రూస్ క్యాంప్‌బెల్‌ని చూసి నవ్వుకుంటూ కూర్చుంటా. క్రోనెన్‌బర్గ్ సంగతి వేరు, ది ఫ్లై (1986) చివరికొచ్చేసరికి భయం పోయి ఏడుపొచ్చింది నాకు, అంత మేకప్ కింద ఉండి కూడా జెఫ్ గోల్డ్‌బ్లమ్ కళ్లతోనే లాక్కొచ్చేశాడు. వెస్ క్రేవెన్ అంటే గౌరవం ఉంది, అంతవరకే.

కార్పెంటర్ దగ్గర నాకు నచ్చేది ఏంటంటే మనల్ని తొందరపెట్టడు. హాలోవీన్ (1978) మూడు లక్షల డాలర్ల రేంజ్‌లో తీసేశాడు, విలన్ మాస్క్ కూడా షాపులో దొరికే స్టార్ ట్రెక్ హీరో కెప్టెన్ కిర్క్ మాస్క్‌కి తెల్ల రంగేసిందే, మ్యూజిక్ కూడా తనే కొట్టుకున్నాడు. ఆ ట్యూన్‌లో ఉన్న అయిదు బీట్ల తాళం చిన్నప్పుడు వాళ్ల నాన్న బాంగో డ్రమ్స్ మీద నేర్పించిందట. రక్తం చాలా తక్కువ ఆ సినిమాలో. పట్టపగలు, వైడ్ ఫ్రేమ్, దూరంగా ఒక పొద పక్కన మనిషి నిలబడి ఉంటాడు అంతే. అది చూశాక ఏ సినిమా అయినా ఫ్రేమ్ మూలలు వెతకడం అలవాటైపోయింది నాకు, కామెడీ సినిమాలో కూడా వెతుకుతున్నా.

ఇప్పుడు రసెల్. వీళ్లిద్దరూ కలిసి చేసినవి అయిదు. 1979లో ఎల్విస్ (టీవీ సినిమా, దానికి రసెల్‌కి ఎమ్మీ నామినేషన్ కూడా వచ్చింది), 1981లో ఎస్కేప్ ఫ్రమ్ న్యూయార్క్, 1982లో ది థింగ్, 1986లో బిగ్ ట్రబుల్ ఇన్ లిటిల్ చైనా, 1996లో ఎస్కేప్ ఫ్రమ్ ఎల్.ఎ. ఆ చివరిది వదిలేద్దాం. చాలామంది ఎస్కేప్ సినిమాల హీరో స్నేక్ ప్లిస్కెన్‌కి ఓటేస్తారు, కంటికి ఆ పట్టీ, ఆ బొంగురు గొంతు, డిస్నీ సినిమాల్లో బుద్ధిమంతుడైన కుర్రాడిగా పెరిగినవాడు అలా దిగేసరికి షాకే కదా. కానీ అందులో సగం పని గెటప్, ఎలివేషన్ చేసేస్తాయి.

ది థింగ్‌లో రసెల్ వేసిన మెక్‌రెడీ పాత్రకి ఆ సపోర్ట్ ఏమీ లేదు. (ఇక్కడి నుంచి స్పాయిలర్స్, చూడనివాళ్లు ఆపేయండి.) అంటార్కిటికాలో ఒక క్యాంప్, పన్నెండు మంది మగాళ్లు, అందులో ఎవడు మనిషో ఎవడు మనిషి రూపంలోకి మారిన గ్రహాంతర జీవో తెలీదు. హీరో ఎంట్రీ ఎలా ఉంటుందంటే, కంప్యూటర్‌తో చెస్ ఆడి ఓడిపోయి, చీటింగ్ చేసిందని తిట్టి చేతిలో ఉన్న మందు మెషీన్‌లో పోసేస్తాడు. మొదటిసారి చూసినప్పుడు నవ్వొస్తుంది. క్లైమాక్స్‌లో క్యాంప్ మొత్తం తగలబెట్టడానికి రెడీ అయినప్పుడు ఆ సీన్ గుర్తొస్తే మాత్రం ఒళ్లు జలదరిస్తుంది, వీడు గెలవకపోయినా పర్లేదు, అవతలివాడిని గెలవనివ్వడు.

ఇంకొకటి, సినిమా మధ్యలో మెక్‌రెడీ పేరుతో ఉన్న చిరిగిన బట్టలు దొరుకుతాయి, మిగతావాళ్లు వాడిని బయట మంచులో వదిలేసి తలుపేస్తారు. వాడు గడ్డం నిండా మంచుతో, చేతిలో డైనమైట్‌తో లోపలికి వచ్చి పడతాడు చూడండి, అక్కడ రసెల్ మనకి కూడా క్లారిటీ ఇవ్వడు. హీరోనే అనుమానించాల్సొస్తుంది. స్టార్ ఇమేజ్ గురించి ఆలోచించే నటుడైతే కంటిచూపుతో అయినా ప్రేక్షకుడికి నేను మంచోడినే అని హింట్ ఇచ్చేస్తాడు, ఈయన ఇవ్వలేదు.

అసలు నా ఓటు పడింది బ్లడ్ టెస్ట్ సీన్‌కి, అంటే ఎవడు మనిషో తేల్చడానికి మెక్‌రెడీ ఒక్కొక్కరి రక్తం పరీక్షించే సీన్. అంతకు ముందే క్యాంప్‌లోని క్లార్క్ కత్తితో మీదకొస్తే మెక్‌రెడీ వాడిని కాల్చి పడేస్తాడు. తర్వాత టెస్ట్ చేస్తే క్లార్క్ మామూలు మనిషే అని తేలుతుంది, అయితే నువ్వు హంతకుడివన్నమాట అని ఇంకొకడు, చైల్డ్స్, మెక్‌రెడీ మొహం మీదే అనేస్తాడు. మామూలుగా అయితే అక్కడ హీరో తల దించుకోవాలి, కన్నీళ్లు, విషాద సంగీతం ఏదో ఒకటి పడాలి. రసెల్ ఏమీ చేయడు, నెక్స్ట్ పామర్‌ది అని పనిలో పడిపోతాడు. కానీ ఆ గొంతులో అలసట వినండి. నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రాత్రిపూట చూసినప్పుడే అది పట్టుకున్నా, పెద్ద సౌండ్‌లో అందరితో కలిసి చూసినప్పుడు పామర్ రక్తం ఎగిరి పడ్డప్పటి కేకల్లో ఇదంతా కొట్టుకుపోతుంది. ఆ ఎఫెక్ట్స్ చేసిన రాబ్ బాటిన్‌కి అప్పుడు ఇరవై రెండేళ్లు అటూ ఇటూ, పనిభారానికి చివరికి హాస్పిటల్‌లో చేరాల్సొచ్చింది పాపం. ఇంత చేసినా రిలీజ్‌లో పట్టించుకున్నవాళ్లు తక్కువ, అప్పటికి రెండు వారాలుగా ఇ.టి. ఆడుతోంది, పైగా బ్లేడ్ రన్నర్ అదే రోజు రిలీజ్.

బిగ్ ట్రబుల్‌లో జాక్ బర్టన్ నా సెకండ్ ప్లేస్. ఫుల్ బిల్డప్ ఇస్తాడు, చివరి ఫైట్ మొదలవగానే పైకి కాల్చి ఆ పెచ్చులు నెత్తిన పడి స్పృహ తప్పుతాడు, ఫైట్ అంతా ఫ్రెండ్ చేసుకోవాలి. తన మీద తానే అంత జోక్ వేయించుకునే హీరోలు ఎంతమంది ఉన్నారు చెప్పండి.

ది థింగ్ చూడాలనుకుంటే 1982 అని చూసుకుని పెట్టుకోండి. 2011లో అదే పేరుతో ప్రీక్వెల్ వచ్చింది, దానికి చేసిన బొమ్మల మీద కంప్యూటర్ గ్రాఫిక్స్ పూసేశారు. చూసినా రెండోదిగా చూడండి.