తప్పులు వెతికే ఉద్యోగానికి జీతం ఎవరిస్తారు?

ప్రశ్న: మా అమ్మాయి మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్‌తో డిగ్రీ చివరి ఏడాది చదువుతోంది. డేటా సైన్స్‌లో ఎమ్మెస్సీ చేయించాలని మేం నిర్ణయించాం. తనేమో ఏఐ ఆడిటింగ్, అంటే ఏఐ ప్రోగ్రాముల్లో తప్పులు వెతికే పని వైపు వెళ్తానంటోంది. ఆరు నెలల ఆన్‌లైన్ కోర్సు చేస్తే వెంటనే ఉద్యోగమని ఒక ప్రకటన చూశాం. మా తోడల్లుడి కొడుకు మెషిన్ లెర్నింగ్ ఇంజినీరుగా స్థిరపడ్డాడు. నేను అకౌంట్స్ విభాగంలో పనిచేస్తాను. ఒకరి తప్పులు వెతికే పనికి ఎవరు పిలిచి జీతం ఇస్తారు? రెండింటినీ పోల్చి ఏది మంచిదో చెప్పగలరు.

జవాబు: పోల్చి చెబుతాను. ముందు మీ తోడల్లుడి కొడుకు సంగతి చూద్దాం. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. కోర్సు పేరు మారుతుంది, పక్కన నిలబెట్టే బంధువు మారతాడు, దిగులు మాత్రం ఒకటే: నలుగురూ వెళ్లే దారి కాదని పిల్ల ఇంకెటో వెళ్తే రేపు ఏమవుతుందోనని. ఆ దిగులు సహజమే. కానీ ‘మేం నిర్ణయించాం’ అని రాశారు చూడండి, అక్కడ నాకు ఇబ్బందిగా ఉంది. అమ్మాయికి ఈ ఆలోచన ఎలా వచ్చిందో ఉత్తరం మొత్తంలో ఒక్క ముక్క లేదు. అడిగారా? ఏదైనా చదివిందా, కాలేజీ ప్రాజెక్టులో ఏదైనా గమనించిందా? బంధువుల అబ్బాయి ఉద్యోగం గురించి తెలిసినంత కూడా కన్న కూతురి ఆలోచన గురించి తెలియకపోతే నేను ఏ సలహా ఇచ్చినా గాల్లో దీపమే.

ఇక జీతం ఎవరిస్తారన్న మాట. అకౌంట్స్‌లో ఉన్న మీరే ఇలా అడగడం ఆశ్చర్యంగా ఉంది. ఆడిటర్లు వస్తున్నారంటే ఆఫీసంతా విసుక్కుంటుంది, ఫైళ్ల కోసం హడావుడి పడుతుంది. అయినా వాళ్లు సంతకం పెట్టని లెక్కల్ని బ్యాంకు నమ్మదు, వాటాదారులూ నమ్మరు. ఇప్పుడు అప్పు ఎవరికివ్వాలి, ఇంటర్వ్యూకి ఎవరిని పిలవాలి, ఏ రోగిని ముందు చూడాలి అన్నవి కూడా చాలాచోట్ల ప్రోగ్రాములే తేలుస్తున్నాయి. అవి తప్పితే నష్టం చిన్నది కాదు. నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ భత్యం తీసుకున్న వేలాది కుటుంబాలపై పన్నుల శాఖ మోసగాళ్లన్న ముద్ర వేసి డబ్బు వెనక్కి కట్టించింది. ఎవరి దరఖాస్తును అనుమానించాలో చెప్పిన వ్యవస్థ విదేశీ జాతీయతను కూడా లెక్కలోకి తీసుకుంది. ఆ గొడవలో 2021 జనవరిలో ఏకంగా ప్రభుత్వమే రాజీనామా చేసింది.

ఇలా అంచనాలు వేసే ప్రోగ్రాముల్ని ‘మోడల్’ అంటారు. బ్యాంకుల్లో వాటిని పరీక్షించే పని ‘మోడల్ వాలిడేషన్’ పేరుతో ఎప్పటినుంచో ఉంది. మోడల్ తయారుచేసిన వాళ్లు కాకుండా వేరేవాళ్లు దాన్ని గట్టిగా ప్రశ్నించి తీరాలని అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ 2011లోనే మార్గదర్శకాలిచ్చింది. ఏఐ ఆడిటర్ అన్న హోదా కొత్తదేమో గానీ, పని పాతదే. కాబట్టి ఆ భయం సగం దించుకోండి.

పని ఎలా ఉంటుందో ఒక చిన్న లెక్కతో చూపిస్తాను. ఒక సంస్థ దరఖాస్తుల్ని ప్రోగ్రాముతో వడపోసింది అనుకుందాం. 400 మంది మగవాళ్లలో 120 మంది, అంటే 30 శాతం నిలిచారు. 150 మంది ఆడవాళ్లలో 27 మంది, అంటే 18 శాతం నిలిచారు. 18ని 30తో భాగిస్తే 0.6. ఎంపిక రేటు మిగతా వర్గంతో పోలిస్తే అయిదింట నాలుగు వంతులకు, అంటే 0.8కి తగ్గితే అనుమానించాలని అమెరికాలో 1978 నాటి నియామక మార్గదర్శకాలు చెబుతాయి. ఇంతవరకూ ఎక్సెల్ షీటు చేసిపెడుతుంది. అసలు ఆడిట్ మొదలయ్యేది తర్వాతే. ఆడా మగా అని నింపని దరఖాస్తులు ఎన్ని, వాటిని ఎక్కడ వదిలేశారు? ఉద్యోగంలో విరామం వచ్చినవాళ్లకు ప్రోగ్రాము మార్కులు తగ్గిస్తోందా? ‘మంచి అభ్యర్థి’ అంటే ఎవరని దానికి నేర్పారు? ఇవన్నీ అడిగి, జవాబుల్ని కాగితం మీద పెట్టించి, అది చదివే మేనేజరుకు అర్థమయ్యేలా రాయాలి.

మీ లెక్కలకూ దీనికీ పెద్ద తేడా ఒకటుంది. మీకు వోచరు ఉంటుంది, ఏది సరైనదో చెప్పే అకౌంటింగ్ ప్రమాణాలుంటాయి. ఇక్కడ ఏది సరైనది అన్నదే తేలని సందర్భాలుంటాయి. అమెరికా కోర్టుల్లో నిందితుడు మళ్లీ నేరం చేస్తాడో లేదో అంచనా వేసే ‘కంపాస్’ అనే సాధనాన్ని 2016లో ప్రోపబ్లికా పాత్రికేయులు పరీక్షించారు. మళ్లీ నేరం చేయని నల్లజాతి వారిలో 44.9 శాతం మందిపై ప్రమాదకరమన్న ముద్ర తప్పుగా పడింది, తెల్లజాతి వారిలో అది 23.5 శాతమే. తయారీ సంస్థ వాదన వేరు: ప్రమాదకరమని మేం చెప్పిన వారిలో నిజంగా మళ్లీ నేరం చేసినవారి శాతం రెండు వర్గాల్లోనూ దాదాపు సమానమే అంది. రెండు లెక్కలూ తప్పు కాదు. రెండు వర్గాల్లో మళ్లీ అరెస్టయ్యే రేటే వేరుగా ఉన్నప్పుడు ఈ రెండు రకాల న్యాయాన్నీ ఒకేసారి సాధించడం కుదరదని గణితం ఆ తర్వాత తేల్చింది. మీ అమ్మాయి స్టాటిస్టిక్స్ పనికొచ్చేది సరిగ్గా ఇక్కడే.

కోడ్‌లో ఏ లోపమూ లేకుండానే హాని జరిగిన సందర్భాలూ ఉన్నాయి. 2019లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన, అమెరికాలో అదనపు వైద్య సాయం ఎవరికి కావాలో తేల్చే అల్గారిథమ్‌ను పరిశీలించింది. అది జబ్బు తీవ్రతకు బదులు వైద్యానికయ్యే ఖర్చును అంచనా వేసింది. వైద్యం అందుబాటు తక్కువై తక్కువ ఖర్చు పెట్టినవాళ్లు, ముఖ్యంగా నల్లజాతి వారు, దాని దృష్టిలో ఆరోగ్యవంతులయ్యారు. సరిదిద్దితే అదనపు సాయానికి ఎంపికయ్యే వారిలో నల్లజాతి రోగుల వాటా 17.7 నుంచి 46.5 శాతానికి పెరుగుతుందని తేలింది.

ఇక నా అనుమానాలు. అమ్మాయితో కూర్చుని ఈ భాగాన్ని తప్పకుండా చదవండి. ఈ రంగం మీద ఇప్పుడు మోజు ఎక్కువ, చట్టాల పట్టు తక్కువ. నియామక సాధనాలకు ఏటా పక్షపాత ఆడిట్ చేయించి ఫలితాలు బయటపెట్టాలని న్యూయార్క్ నగరం చట్టం చేసి 2023 జులై నుంచి అమలు చేస్తోంది. పరిశోధకులు 391 సంస్థల వెబ్‌సైట్లు వెతికితే ఆడిట్ నివేదిక కనబడింది 18 చోట్లే. తమ సాధనం ఆ చట్టం కిందకు వస్తుందో రాదో సంస్థే తేల్చుకోవచ్చు మరి! పైగా ఫలితం బాగోలేకపోతే సాధనాన్ని ఆపాలని ఆ చట్టంలో లేదు. యూరప్ ఏఐ చట్టం 2024 ఆగస్టులో వచ్చింది, దశలవారీగా అమలవుతోంది. అందులోనూ నియామకాల వంటి ‘హై రిస్క్’ వ్యవస్థలకు తయారీదారు సొంత పరిశీలనే చాలావరకు సరిపోతుంది. నెలకు 4.5 కోట్ల మందికి పైగా వాడే పెద్ద ప్లాట్‌ఫారాలకు అక్కడ ఇంకో చట్టం కింద ఏటా బయటి ఆడిట్ తప్పనిసరి, కానీ ఖర్చు ఆ ప్లాట్‌ఫారాలదే. డబ్బిచ్చేవాడి తప్పు రాయాలి. ఈ చిక్కు మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇంకో మాట. ఇందులో మొదటి కొన్నేళ్లు ఎక్కువగా కాగితాల పనే. ఏ మోడల్ ఎక్కడ వాడుతున్నారో జాబితా రాయడం, మెయిళ్లకు జవాబు రాబట్టడం. ప్రోడక్టు టీమ్ ‘లాంచ్ ఆపుతున్నారు’ అని మొహం చిట్లిస్తుంది. అందరికీ నచ్చాలనుకునే పిల్లకు ఇది కష్టం. మీ అమ్మాయి అలాంటిదా కాదా అన్నది నాకంటే మీకే తెలియాలి.

ఆరు నెలల కోర్సు ప్రకటనను మర్చిపోండి. ఐటీ ఆడిటర్లకు సర్టిఫికెట్లిచ్చే ఇసాకా సంస్థ 2025లో ఏఐ ఆడిట్ కోసం తెచ్చిన ఏఏఐఏ సర్టిఫికెట్‌నే చూడండి. అదే సంస్థ ఇచ్చే సీఐఎస్‌ఏ (ఐటీ ఆడిటర్ సర్టిఫికెట్) లాంటి ఆడిట్ అర్హత ముందే ఉన్నవాళ్లకే అది. సీఐఎస్‌ఏకు మామూలుగా అయిదేళ్ల అనుభవం అడుగుతారు, చదువును బట్టి కొంత మినహాయింపు ఉంటుంది. అంటే ఈ రంగంవాళ్లే దీన్ని తొలి మెట్టుగా చూడటం లేదు.

పోలిక అడిగారు కదా, దానికి నా దగ్గర పెద్ద జవాబు లేదు. ఇప్పటికి రెండు దారులకూ పునాది ఒకటే. స్టాటిస్టిక్స్‌లో గానీ డేటా సైన్స్‌లో గానీ గట్టి ఎమ్మెస్సీ చేయనివ్వండి. చేరేచోట కాజల్ ఇన్ఫరెన్స్ (దేనివల్ల ఏది జరిగిందో తేల్చడం), సర్వే శాంప్లింగ్ (అందరి తరఫున కొందరిని సరిగ్గా ఎంచడం) లాంటివి చెబుతున్నారో లేదో చూడండి. నాలుగు రెడీమేడ్ కోడ్ లైబ్రరీలు వాడటం నేర్పి వదిలేసే చోటు వద్దు. తర్వాత మోడల్ వాలిడేషన్, రిస్క్, ఇంటర్నల్ ఆడిట్ ఉద్యోగాల్లో చేరితే ఆడిటింగ్ వైపు దారి ఉంటుంది. మనసు మారితే డేటా సైంటిస్టుగానే ఉండొచ్చు. మీరనుకున్నదీ తను కోరుకున్నదీ కనీసం రెండేళ్లపాటు ఒకే బస్సులో వెళ్తాయి. ఇంట్లో ఇంత గొడవ అక్కర్లేదు.

ఈలోగా అమ్మాయికి ఒక పని చెప్పండి. ప్రోపబ్లికా వాళ్లు ‘కంపాస్’ డేటాను అందరికీ అందుబాటులో ఉంచారు. దాన్ని తీసుకుని రెండు వర్గాల లెక్కలూ తనే వేసి, ఈ సాధనాన్ని కోర్టు వాడొచ్చా కూడదా అన్నది రెండు పేజీల్లో తెలుగులో రాయమనండి. ఆ రెండు పేజీలూ మీరు చదవండి. ఎక్కడ అర్థం కాలేదో పెన్సిల్‌తో గీత గీసి తిరిగివ్వండి. తను విసుక్కోకుండా మళ్లీ రాసిందో లేదో నాకు రాయండి, మిగతా సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.