పాత సినిమా వేసేటప్పుడు తెర నిష్పత్తిని ఎలా నిర్ణయించుకోవాలి?

గుంటూరులో మీ ఫిలిం క్లబ్బు 1950ల నాటి తెలుగు సినిమాను ప్రొజెక్టరుతో వేసినప్పుడు నటుల తలలు నుదుటి దగ్గర తెగిపోయాయని, ఏ నిష్పత్తి ఎంచుకోవాలని అడిగారు.

ఆ కాలపు 35 ఎం.ఎం. చిత్రాలను సాధారణంగా 1.37:1 నిష్పత్తిలో, అంటే వెడల్పు ఎత్తుకంటే మూడో వంతుకు కాస్త మించి ఉండేలా తీశారు. అటువంటి బొమ్మను 1.85:1 తెర అంతా నిండేలా పెంచితే పైనా కిందా కలిపి ఎత్తులో పావు వంతుకు పైగా పోతుంది. తెలుగులో తొలి సినిమాస్కోప్ (బాగా వెడల్పాటి తెరకు తీసే పద్ధతి, క్లుప్తంగా ‘స్కోప్’) చిత్రం 1974 నాటి ‘అల్లూరి సీతారామరాజు’ కనుక, అంతకుముందరి తెలుగు సినిమాకు స్కోప్ అమరిక అక్కరలేదు. అయితే 2010లో రంగులద్ది విడుదల చేసిన ‘మాయాబజార్’ వంటివి స్కోప్‌కు మార్చినవి కాబట్టి, సినిమా పేరును బట్టి కాక చేతిలో ఉన్న ప్రతిని బట్టి నిర్ణయించుకోవాలి.

స్కోప్ ఫిలింలో బొమ్మ అడ్డంగా సగానికి నొక్కి ఉంటుంది, అనమార్ఫిక్ లెన్సు దానిని రెండింతలు సాగదీస్తుంది. ఈ లెన్సును మామూలు ప్రింటుకు తగిలిస్తే కథానాయిక నుదుటి గుండ్రటి బొట్టు అడ్డంగా పడుకోబెట్టిన కోడిగుడ్డులా కనిపిస్తుంది. నా మటుకు నేను ప్రదర్శనకు ముందు చూసుకునేది ఆ బొట్టునో, బండి చక్రాన్నో.

మీది పాత నిష్పత్తిలోనే ఉన్న డివిడి అయితే ప్రొజెక్టరులో ‘ఫుల్’, ‘జూమ్’ వదిలి 4:3 పెట్టండి. ఇరుపక్కలా మిగిలే నల్లటి పట్టీలు లోపం కాదు, వాటిని నల్లగుడ్డతో కప్పితే సరి.