మీరడిగారు: కోర్టుకి కంప్యూటర్లు ఎన్ని కావాలి?

ప్రశ్న: జిల్లా కోర్టులో సీనియర్ అసిస్టెంట్‌ని. కోర్టుల ఆధునికీకరణకి ఏమేం సామాను కావాలో ఇండెంట్ పంపమని పైనుంచి కాగితం వచ్చింది. కుర్చీకో కంప్యూటర్ చొప్పున రాసి పంపేద్దామని మావాళ్లంటున్నారు. పోయినసారి అలాగే పంపితే వచ్చినవాటిలో సగం మూలన గుడ్డ కప్పుకుని కూర్చున్నాయి, స్కానర్ దగ్గర మాత్రం రోజూ తోపులాటే. ఎలా లెక్కేయాలి?

జవాబు: కుర్చీలు కాదండీ, కాగితాలు లెక్కపెట్టండి. దావా దాఖలైన దగ్గర్నుంచి తీర్పు సర్టిఫైడ్ కాపీ కక్షిదారు చేతికి వెళ్లేదాకా కేసు కాగితాల కట్ట ఎవరెవరి దగ్గరికి పోతోంది, ఎక్కడ ఆగిపోతోంది అని ఓ వారం రాసుకుంటే మీ ఇండెంట్ సగం తయారైనట్టే. సీఐఎస్‌లో (కోర్టుల్లో కేసుల వివరాలు నడిపే సాఫ్ట్‌వేర్) కేసు వివరాలు ఎక్కించడానికి, వాయిదాలు వేయడానికి ఖరీదైన ప్రాసెసర్ అక్కర్లేదు, అక్కడ డబ్బు తగ్గించుకోవచ్చు.

అసలు భారం స్కానింగ్‌ది. 2023లో కేంద్రం కోర్టుల్ని కంప్యూటరీకరించే ఈ-కోర్టుల పథకం మూడో దశకి 7,210 కోట్లు మంజూరు చేస్తే అందులో అన్నిటికంటే పెద్ద వాటా, 2,038 కోట్లు, రికార్డుల స్కానింగ్, డిజిటైజేషన్‌కే. స్కానర్ డబ్బా మీద నిమిషానికి 40 పేజీలని ఉంటుంది, దాన్ని నమ్మి లెక్క కడితే మునిగామే. పాత కట్ట విప్పి చూడండి: మూలకి దారంతో కుట్టు, మధ్యలో తుప్పుపట్టిన గుండుసూది, లీగల్ సైజు కాగితాల నడుమ పట్టుకుంటే పొడయ్యే స్టాంపు పేపరు. సూది తీయకుండా ఫీడర్‌లో (కాగితాల్ని తనంతట లోపలికి లాక్కునే భాగం) పెడితే స్కానర్ గాజు మీద గీత పడుతుంది, ఆ తర్వాత ప్రతి పేజీ మీదా అదే గీత! అందుకని పది కట్టలు తీసుకుని విప్పడం, స్కాన్ చేయడం, మళ్లీ కుట్టడం అంతా గడియారం పెట్టి చూడండి, ఆ లెక్క మీదే స్కానర్లూ మనుషులూ అడగండి. లీగల్ సైజు పట్టే ఫ్లాట్‌బెడ్, అంటే కాగితాన్ని గాజు మీద పరిచి స్కాన్ చేసేది, ఒకటైనా ఉండాలి. స్టోరేజి గురించి మరీ టెన్షన్ వద్దు, పేజీ 100 కేబీ అనుకున్నా పది లక్షల పేజీలు 100 జీబీయే. రెండో కాపీ వేరే చోట ఉండేలా మాత్రం చూసుకోండి.

ఫైలింగ్ కౌంటర్‌కి సగటు రోజు లెక్క పనికిరాదు. కోర్టు మూసి ఉండగా లిమిటేషన్ గడువు (దావా వేయడానికి చట్టం పెట్టిన గడువు) తీరిన దావాలని తెరిచిన రోజున వేసుకోవచ్చని 1963 లిమిటేషన్ చట్టం 4వ సెక్షన్ చెబుతోంది కాబట్టి వేసవి సెలవుల తర్వాత మొదటి రోజు ఎంత రద్దీయో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ రోజు రిజిస్టరు తీసి చూడండి.

ఎవరూ రాయనివి ఇంకో రెండున్నాయి. కొత్త కంప్యూటర్లలో చాలావాటికి సీడీ డ్రైవ్ రాదు, సాక్ష్యంగా వచ్చే సీడీలు మాత్రం ఆగవు. వాటికీ, ఎవరెవరో తెచ్చే పెన్‌డ్రైవ్‌లకీ నెట్‌వర్క్‌కి తగిలించని కంప్యూటర్ ఒకటి విడిగా అడగండి. రెండోది తెలుగు టైపింగ్. స్టెనోకి పాత అను ఫాంట్ల మీదే చెయ్యి తిరిగి ఉంటే, అందులో కొట్టిన వాంగ్మూలంలో పేరు వెతికితే దొరకదు, ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు అక్షరాన్ని తెలుగుగానే గుర్తించే యూనికోడ్ కావాలి. అందుకని కీబోర్డు లేఅవుట్, నేర్చుకోవడానికి కొన్నాళ్ల శిక్షణ కూడా ఇండెంట్‌లోనే పెట్టేయండి. మళ్లీ అడిగితే ఇవ్వరు.

ప్రశ్న: అన్నీ లాప్‌టాప్‌లే కొంటే కరెంటు బాధ తప్పుతుంది కదా? (మరో పాఠకుడు)

జవాబు: జడ్జిగారికి సరే, ఇంటికి తీసుకెళ్లి తీర్పు రాసుకుంటారు. కౌంటర్‌లో వద్దు. కరెంటు పోయినప్పుడు లాప్‌టాప్ బతికినా నెట్‌వర్క్ స్విచ్చూ రూటరూ ఆగిపోతే చేసేదేముంది? ముందు ఆ రెండిటికీ యూపీఎస్ పెట్టించండి.