చిరిగిన క్యూఆర్ కోడ్, వానలో ఆగిపోయే టీవీ: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది చిన్న కిరాణం షాపు. గల్లాపెట్టె పక్కన అంటించిన క్యూఆర్ కోడ్ కింద కుడివైపు మూల చిరిగిపోయింది. పసుపు, నూనె మరకలు కూడా పడ్డాయి. అయినా స్కాన్ అవుతూనే ఉంది. ఇలాంటి కోడ్‌తో డబ్బులు వేరేవాళ్ల ఖాతాలో పడతాయేమోనని టెన్షన్‌గా ఉంది. మార్చాలా?
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: అమ్మా, మరక పడినంత మాత్రాన డబ్బు దారి తప్పదు. ఫోన్ ఆ కోడ్‌ను సరిగ్గా చదువుతుంది, లేదంటే అసలే చదవదు. ఒకటి చదవబోయి ఇంకొకటి చదివే అవకాశం చాలా చాలా తక్కువ. పైగా డబ్బు పంపేముందు మీ పేరు స్క్రీన్ మీద కనిపిస్తుంది కదా, దాన్ని చూసుకొమ్మని గిరాకీలకు చెప్పండి.

జపాన్‌కు చెందిన డెన్సో వేవ్ కంపెనీ 1994లో కార్ల విడిభాగాల లెక్క కోసం ఈ కోడ్‌ను తయారుచేసింది. ఫ్యాక్టరీలో మసి, గ్రీజు తప్పవు. అందుకే అసలు సమాచారంతో పాటు, దాని నుంచే లెక్కగట్టిన అదనపు సంఖ్యలను కూడా ఆ నల్లటి, తెల్లటి గడుల్లోనే పెట్టారు. ఎంచుకున్న స్థాయిని బట్టి కోడ్‌లో సుమారు 7, 15, 25 లేదా 30 శాతం పాడైనా తిరిగి రాబట్టవచ్చు.

తప్పు జరిగిందని తెలియడం ఒక ఎత్తు, ఎక్కడ జరిగిందో తెలియడం ఇంకో ఎత్తు. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన రిచర్డ్ హామింగ్‌ను వేధించింది ఇదే. ఆనాటి కంప్యూటర్ తప్పును పసిగట్టి, దిద్దలేక, పనిని అక్కడే వదిలేసేది. తప్పుందని తెలుసుకోగలిగిన యంత్రం దాని చోటు ఎందుకు చూపలేదని ఆయన పట్టుబట్టి ఆలోచించి, 1950లో జవాబు ప్రచురించారు. కాగితం, పెన్ను తీసుకోండి, మీరే చేసి చూడవచ్చు.

అ, ఆ, ఇ, ఈ అనే నాలుగు బిట్లు పంపాలి. బిట్ అంటే 0 లేదా 1, క్యూఆర్ కోడ్‌లో ఒక్కో గడి ఒక్కో బిట్ అన్నమాట. అవి 1, 0, 1, 1 అనుకుందాం. వాటికి మూడు కాపలా బిట్లు కలుపుతాం. మొదటిది అ, ఆ, ఈ లకు కాపలా. రెండోది అ, ఇ, ఈ లకు. మూడోది ఆ, ఇ, ఈ లకు. ప్రతి గుంపులోనూ కాపలా బిట్‌తో కలిపి మొత్తం సరిసంఖ్య రావాలి. అలా చూస్తే కాపలా బిట్లు 0, 1, 0 అవుతాయి. ఇప్పుడు దారిలో ‘ఇ’ చెడిపోయి 0 అయిందనుకోండి. మొదటి గుంపు బాగానే ఉంటుంది. రెండు, మూడు గుంపుల్లో బేసిసంఖ్య వస్తుంది. ఆ రెండింటిలో ఉండి మొదటి దాంట్లో లేనిది ‘ఇ’ ఒక్కటే. దొంగ దొరికాడు! దాన్ని తిప్పి 1 చేస్తే సరి. కాపలా బిట్టే చెడితే ఆ ఒక్క గుంపే తేడా చూపిస్తుంది. ఇదే పని కోసం ప్రతి బిట్‌నూ మూడేసిసార్లు పంపితే 12 బిట్లు కావాలి, ఇక్కడ 7 చాలు.

పాలిటెక్నిక్‌లో పాఠం చెప్పే రోజుల్లో, బోర్డు మీద ఏడు బిట్లు రాసి, నేను అటు తిరిగి నిలబడి, ఏదో ఒకటి మార్చమని పిల్లలతో అనేవాణ్ని. ఏది మార్చినా పట్టుకునేవాణ్ని. ఎలక్ట్రానిక్స్‌లో నాకు ఇంతకంటే ఇష్టమైన పాఠం లేదు.

అయితే ఇది ఏడింటిలో ఒక్క తప్పునే దిద్దుతుంది. నూనె మరక ఒక్క గడితో ఆగదు కదా, చుట్టుపక్కల గడులనూ కప్పేస్తుంది. అందుకని క్యూఆర్ కోడ్‌లో ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సాలమన్ 1960లో ఇచ్చిన పద్ధతిని వాడతారు. ఎనిమిదేసి గడులను కలిపి ఒక సంఖ్యగా లెక్కిస్తారు. ఆ ఎనిమిదిలో ఒకటి చెడినా, అన్నీ చెడినా ఒక తప్పు కిందే లెక్క.

మీ కోడ్‌లో చిరిగింది కింద కుడి మూల కావడం మీ అదృష్టం. మిగతా మూడు మూలల్లో ఉన్న పెద్ద చతురస్రాలతోనే ఫోన్ కోడ్‌ను గుర్తిస్తుంది. వాటికి ఈ దిద్దుబాటు రక్షణ లేదు. మధ్యలో కంపెనీ బొమ్మ ఉంటే అది కూడా ఆ శాతంలో కొంత తినేస్తుంది. కాబట్టి వీలు చూసుకుని కొత్తది అంటించండి. నేనైతే మరక కంటే మోసానికి ఎక్కువ భయపడతాను. మీ కోడ్ మీద ఎవరైనా వేరే స్టిక్కర్ అంటిస్తే ఈ లెక్కలేవీ కాపాడవు. రోజూ షాపు తెరవగానే ఒకసారి తడిమి చూడండి.

ప్రశ్న: పాత టీవీలో వాన పడితే చుక్కలు చుక్కలుగానైనా బొమ్మ కనిపించేది. ఇప్పుడు డిష్ పెట్టాక ఉన్నట్టుండి మొత్తం ఆగిపోతోంది. ఎందుకు?
– ఒక పాఠకుడు, కల్వకుర్తి

జవాబు: పాత పద్ధతిలో సిగ్నల్‌లోని ప్రతి చెడుపూ తెరమీద కనిపించేది. డిజిటల్‌లో పైన చెప్పినలాంటి అదనపు లెక్క (దీన్నీ కోడ్ అనే అంటారు) తప్పులను దిద్దేస్తుంది కాబట్టి చినుకులు మొదలైనా మీకు తేడా తెలియదు. తప్పులు హద్దు దాటగానే మాత్రం బొమ్మ గడులు గడులుగా పగిలి, ఆగిపోతుంది. ఉపగ్రహ టీవీకి ఇప్పుడు వాడే డీవీబీ-ఎస్2 ప్రమాణంలోని రెండు కోడ్‌లలో ఒకటి బీసీహెచ్. అందులో బీ, సీ అనే అక్షరాలు మనవాళ్లవే: రాజచంద్ర బోస్, రే-చౌధురి. కుండపోతలో ఆగడం మామూలే. చిన్న జల్లుకే ఆగుతుంటే కోడ్‌ను తప్పుపట్టలేం. డిష్ కొద్దిగా పక్కకు తిరిగి ఉంటుంది, లేదా కేబుల్ కనెక్టర్‌లోకి నీళ్లు దిగి ఉంటాయి. వాన వెలిశాక మనిషిని పిలిపించండి. తడిలో మీరు మిద్దె ఎక్కవద్దు.

ప్రశ్న: ఆన్‌లైన్ ఫారంలో ఆధార్ నంబర్ ఒక్క అంకె తప్పు కొడితే వెంటనే చెప్పేస్తోంది. సర్వర్‌లో అంత తొందరగా వెతుకుతుందా?
– డిగ్రీ విద్యార్థిని, మహబూబ్‌నగర్

జవాబు: వెతకనక్కర్లేదమ్మా. 12 అంకెల్లో చివరిది మిగతా 11 నుంచి వెర్‌హోఫ్ పద్ధతిలో లెక్కగట్టినది. ఒక అంకె తప్పినా, పక్కపక్క అంకెలు తారుమారైనా ఈ లెక్క పట్టేస్తుంది. దిద్దడం మాత్రం దీనికి రాదు, ఒక్క అదనపు అంకె అందుకు చాలదు. లెక్క కుదిరినంత మాత్రాన అది నిజంగా ఎవరికో ఇచ్చిన నంబరేనని కూడా కాదు.