మామిడి కొమ్మకు గుండుసూది రంధ్రాలు: మందు కన్నా ముందు బెరడు లేపి చూడండి

తోతాపురి చెట్టు కొమ్మల మీద గుండుసూదితో పొడిచినట్లు రంధ్రాలు పడి సన్నని పొడి రాలుతోందని, ఏ మందు కొట్టాలని మీరు అడిగారు. దామలచెరువు దగ్గరి మా తోటలో నాలుగేళ్ల క్రితం ఇదే కనిపించింది. అంగడివారు ఇచ్చిన పురుగుమందును రెండుసార్లు పిచికారీ చేయించాను. పురుగు బెరడు కింద ఉంటే మందు పైన ఆరిపోయింది, ఖర్చు మాత్రం మిగిలింది.

తరువాత కొడవలి మొనతో బెరడు లేపి చూశాను. లోపల తడిసిన కాఫీపొడిలా నల్లబడిన పొర, దానిలో అడ్డదిడ్డంగా సన్నని చాళ్లు, వాటి మధ్య నువ్వుగింజ కన్నా చిన్నవైన గోధుమరంగు పెంకు పురుగులు ఉన్నాయి. హైపోక్రైఫాలస్ మాంజిఫెరే అనే ఈ మామిడి బెరడు పురుగు పొడవు 2 మిల్లీమీటర్లకు మించదు. ఇది ఎక్కువగా నీరసించిన, ఎండుతున్న, కుళ్లు పట్టిన కొమ్మలనే వెతుక్కుంటుంది. మా చెట్టుకు అంతకుముందు ఏడాది కాయల బరువుకు ఒక కొమ్మ చీలింది. ఆ గాయాన్ని నేను పట్టించుకోలేదు, కుళ్లు అక్కడినుంచే కిందికి దిగింది. పురుగు ఆ తరువాత వచ్చిన చుట్టం. (వేలు పట్టేంత రంధ్రం, ముతక రంపపు పొట్టు కనిపిస్తే అది కాండం తొలిచే పురుగు, దానికి ఇనుప కొక్కెం కావాలి, ఈ వైద్యం పనికిరాదు.)

ఎండిన భాగానికి ఒక జానెడు కిందికి, పచ్చి చెక్క తగిలేదాకా కోయించి, కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 10 లీటర్ల నీళ్లతో ప్లాస్టిక్ బకెట్‌లో కలిపిన బోర్డో పేస్టును కోతలకు పూయించాను. కోసిన కొమ్మలను వంటచెరకుగా తోట గట్టున పేర్చడం నేను చేసిన రెండో తప్పు, ఎందుకంటే అవి పూర్తిగా ఎండేదాకా పురుగు వాటిలోనే పిల్లలు పెడుతుంది. మీరు వెంటనే కాల్చేయండి.

అయితే ఈ పురుగును పూర్తిగా అమాయకురాలని కూడా అనలేము. ఒమన్, పాకిస్తాన్, బ్రెజిల్ దేశాలలో మామిడి చెట్లను నిలువునా ఎండబెట్టిన సెరటోసిస్టిస్ శిలీంధ్రాన్ని ఒక చెట్టునుంచి మరొక చెట్టుకు చేరవేసేది ఇదే. అందువల్ల మొదలునుంచి జిగురు కారుతూ, ఒక పక్క ఆకులు వాడి వేలాడుతూ, కోసిన చెక్కలో ముదురు చారలు కనిపిస్తే, ఆ కత్తిని శుభ్రం చేయకుండా మరో చెట్టుకు పెట్టక, ఉద్యాన అధికారిని పిలిపించండి. కోసిన ముక్క అడ్డుకోత ఫోటో ఇక్కడ పెడితే, మరక ఎంత లోతుకు దిగిందో చూసి నాకు తోచింది చెబుతాను.