హీటర్ కాయిల్ కారుతోందా? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది 2004 నాటి మారుతి ఎస్టీమ్. పదిహేనేళ్లు నిండాక రిజిస్ట్రేషన్ పొడిగించుకుని ఇప్పటికీ వాడుతున్నాం. కొన్ని వారాలుగా కూలెంట్ (ఇంజనును చల్లబరిచే ద్రవం) తగ్గిపోతోంది గాని, కారు కింద నేల మీద ఒక్క చుక్క కూడా కనిపించడం లేదు. ముందు ఎడమ సీటు దగ్గర కాళ్ల కింద కార్పెట్ తడిగా ఉంటోంది. బ్లోయర్ వేస్తే తీపి వాసన వస్తోంది, ముందు అద్దం లోపలివైపు జిడ్డుగా మసకబారుతోంది. హీటర్ కాయిల్ పోయిందనీ, మన ఎండలకు హీటరుతో పనేముందనీ, రెండు పైపులూ కలిపేస్తే సరిపోతుందనీ మెకానిక్ అంటున్నాడు. చలికాలంలో మేము తరచుగా చింతపల్లి, లంబసింగి వైపు వెళ్తుంటాం. కలిపేయించమంటారా, మార్పించమంటారా?
– ఒక పాఠకుడు, నర్సీపట్నం

జవాబు: మీరు చలికాలంలో ఘాట్ రోడ్డు ఎక్కేవారు కాబట్టి మార్పించుకోవడమే మంచిది. అయితే డ్యాష్‌బోర్డు మీద స్క్రూడ్రైవర్ పెట్టనిచ్చే ముందు, కారుతున్నది నిజంగా హీటర్ కాయిలేనని రూఢి చేసుకోవాలి. ఈ పనిలో కాయిల్ ధర కన్నా దాన్ని చేరుకోవడానికి అయ్యే కూలీ చాలా ఎక్కువ. తప్పు నిర్ధారణతో ఒకసారి డ్యాష్‌బోర్డు ఊడదీసి బిగించడమంటే డబ్బు పోవడమే కాక, పాతబడి పెళుసెక్కిన ప్లాస్టిక్ క్లిప్పులు విరిగి ఆ కారు జీవితాంతం గలగల మోగుతూనే ఉంటుంది.

హీటర్ కాయిల్ అంటే డ్యాష్‌బోర్డు వెనక పెట్టెలో అమర్చిన చిన్న రేడియేటర్. ఇంజన్‌లో వేడెక్కిన కూలెంట్ రెండు రబ్బరు పైపుల ద్వారా, ఇంజనుకూ క్యాబిన్‌కూ నడుమ ఉన్న రేకు గోడ దాటి అందులోకి వచ్చి పోతుంది. చాలా కార్లలో హీటర్ వాడినా వాడకపోయినా ఈ ప్రవాహం సాగుతూనే ఉంటుంది, కాబట్టి జీవితంలో ఒక్కసారి కూడా హీటర్ వేయని కారులోనూ ఆ కాయిల్ తినేసుకుపోవచ్చు. మన ప్రాంతంలో ఇందుకు ముఖ్య కారణం నీరు. కూలెంట్ తగ్గినప్పుడల్లా బోరు నీళ్లో కుళాయి నీళ్లో పోస్తూ పోతే, తుప్పును అడ్డుకునే రసాయనాలు పలచబడతాయి, నీటిలోని లవణాలు సన్నని గొట్టాల లోపల గారలా పేరుకుంటాయి, చివరికి అల్యూమినియానికి సూదిమొన లాంటి చిల్లులు పడతాయి.

ఇప్పుడు నిర్ధారణ సంగతి. ఎడమ సీటు దగ్గర తడి అనగానే హీటర్ కాయిలే అనుకోనక్కర్లేదు. ఏసీ నుంచి నీరు బయటికి పోయే గొట్టం దుమ్ముతో పూడుకుపోయినా, వానాకాలంలో ముందు అద్దం అంచునుంచి నీరు దిగినా అక్కడే తడి చేరుతుంది. తెల్లని టిష్యూ కాగితాన్ని ఆ కార్పెట్ మీద గట్టిగా అదిమి చూడండి. ఏసీ నీరైతే రంగూ వాసనా లేకుండా వెంటనే ఆరిపోతుంది. కూలెంట్ అయితే కాగితానికి పచ్చ లేదా ఎర్ర ఛాయ అంటుకుంటుంది, వేళ్ల మధ్య రుద్దితే జారుడుగా ఉంటుంది, ఎంతసేపైనా పూర్తిగా ఆరదు. మీరు చెప్పిన తీపి వాసన, అద్దం మీది జిడ్డు రెండూ కూలెంట్‌నే సూచిస్తున్నాయి. చూసిన తరువాత చేతులు సబ్బుతో కడుక్కోండి.

కూలెంటే అని తేలినా కాయిల్ దోషమని అప్పుడే అనుకోవద్దు. పైపులు రేకు గోడను దాటే చోట క్లిప్పు వదులైతే కూలెంట్ ఆ పైపు వెంట పాకి లోపలికే దిగుతుంది. అందుకని రేడియేటర్ షాపులో చేతి పంపుతో పీడన పరీక్ష చేయించండి. ఇంజన్ పూర్తిగా చల్లారాక రేడియేటర్ మూత స్థానంలో పంపు బిగించి, మూత మీద ముద్రించి ఉన్న పీడనం వరకు, అంటే చాలా కార్లకు చదరపు సెంటీమీటరుకు 0.9 నుంచి 1.1 కిలోల వరకు, గాలి కొట్టి 15 నిమిషాల పాటు ముల్లును గమనిస్తారు. ముల్లు దిగిపోతుంటే, హీటరుకు పోయే రెండు పైపులనూ క్లాంపులతో నొక్కిపెట్టి మళ్లీ అదే పరీక్ష చేయాలి. ఈసారి ముల్లు కదలకుండా నిలిస్తే దోషం ఆ క్లాంపులకు అవతల, హీటర్ వైపే ఉన్నట్టు. ఎండిపోయిన పాత పైపులు నొక్కితే పగులుతాయి, కాబట్టి కొత్త పైపులు ముందే తెచ్చి పెట్టుకోండి. అవి ఎలాగూ మార్చవలసినవే.

పైపులు కలిపేయడం తప్పుడు పనేమీ కాదు. విడిభాగం దొరికేవరకు, లేదా మైదాన ప్రాంతంలో మాత్రమే తిరిగే కారుకు అది చక్కని ఉపాయం. అయితే పైపుల చివర్లకు బిరడాలు కొట్టి మూసేయకుండా, ఇంజన్ వైపు నుంచి వచ్చే దారినీ తిరిగి పోయే దారినీ ఒకే పైపుతో కలపాలి. కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాకే కూలెంట్‌ను రేడియేటర్‌లోకి వదిలే వాల్వు) తెరుచుకునే లోపు కూలెంట్ తిరగడానికి ఉన్న దారి అదే. దాన్ని మూసేస్తే ఇంజన్‌లో కొన్ని చోట్ల వేడి పేరుకుంటుంది. వర్షాకాలంలో అద్దానికి పట్టే ఆవిరిని ఏసీ చాలావరకు తీసేస్తుంది. లంబసింగి మంచులో తెల్లవారుజామున అద్దం చల్లగా ఉన్నప్పుడు మాత్రం, దాని మీదికి వెచ్చని గాలి కొట్టకుండా లోపలి మసక పూర్తిగా పోదు. ఘాట్ మలుపులో ఎదుటి లారీ కనిపించకపోవడం కన్నా పెద్ద ఖర్చు ఏముంటుంది? అందుకే మీకు కలిపేయడాన్ని శాశ్వత పరిష్కారంగా మేము సూచించము.

పని జరిగేటప్పుడు దగ్గరుండి చూసుకోవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి. వేడిగా ఉండగా రేడియేటర్ మూత తీయనివ్వకండి. బ్యాటరీ నెగటివ్ వైరు ముందుగానే తీయించండి. కాయిల్ ఉన్న పెట్టెలోనే ఏసీ కూలింగ్ కాయిల్ కూడా కలిసి ఉండి, దాన్ని కదపక తప్పని కారైతే, గ్యాస్‌ను గాలిలోకి వదిలేయకుండా యంత్రంతో వెనక్కి తీసుకునే షాపులోనే చేయించండి. విప్పే ముందు వైర్లను కలిపే ప్రతి కప్లర్‌కూ కాగితపు పట్టీ అంటించి, ఫోన్‌తో ఫొటోలు తీసి పెట్టుకోవాలి. ఒక్కో భాగం స్క్రూలను వేరువేరు కవర్లలో వేసి, ఏ భాగానివో పైన రాయించాలి. అన్నిటికన్నా ముఖ్యం పైపు తీసే తీరు: ఏళ్ల తరబడి అతుక్కుపోయిన రబ్బరు పైపును మెలిపెట్టి లాగితే కొత్త కాయిల్ గొట్టమైనా వంగి అతుకు దగ్గర చిట్లుతుంది. పాత పైపును బ్లేడుతో పొడుగునా చీల్చి, అరటితొక్క ఒలిచినట్టు తీసేయాలి.

పాత కాయిల్ రాగి, ఇత్తడితో చేసినదైతే రేడియేటర్ పనివారు టంకం వేయగలరు. అల్యూమినియం కాయిల్‌కు అతుకులు, గమ్ములు వద్దు. కొత్తది పెట్టే ముందు బయటే నీటిలో ముంచి, గాలి పట్టించి బుడగలు వస్తున్నాయేమో చూడమనండి. కాయిల్ చుట్టూ ఉండే ఫోమ్ పట్టీలు పాతవి పొడిపొడిగా రాలిపోయి ఉంటాయి. అవి కొత్తగా అతికించకపోతే గాలి పక్కనుంచి పోయి హీటర్ వేడి తగ్గుతుంది. ఎలాగూ పెట్టె తెరిచారు గనుక బ్లోయర్‌ను, కూలింగ్ కాయిల్‌ను, ఏసీ నీటి గొట్టాన్ని కూడా శుభ్రం చేయించండి.

కార్పెట్‌ను మాత్రం నిర్లక్ష్యం చేయకండి. దాన్ని పూర్తిగా బయటికి తీసి, కింద ఉండే మందపాటి పొరతో సహా బాగా కడిగి ఎండలో ఆరబెట్టాలి. తడి అలాగే ఉంటే నేల రేకు తుప్పు పడుతుంది, అటుగా వెళ్లే వైర్ల కప్లర్లు చిలుము పడతాయి. కూలెంట్‌లోని ఇథిలీన్ గ్లైకాల్ రుచికి తియ్యగా ఉండే విషం. తీసిన కూలెంట్‌ను తెరిచిన తొట్టిలో వదిలేస్తే కుక్కలు, పిల్లులు తాగి చచ్చిపోతాయి. ఇంట్లో పసిపిల్లలు ఉంటే ఇంకా జాగ్రత్త అవసరం. మూత ఉన్న డబ్బాలో పట్టించండి, కాలువలో పోయనివ్వకండి.

ప్రశ్న: నేను అమెరికాలోని మిన్నెసోటాలో చదువుకుంటున్నాను. సెకండ్ హ్యాండ్‌లో కొన్న 1998 నాటి జీప్ చెరోకీకి హీటర్ కాయిల్ కారుతోంది. ఇక్కడ కూలీ భరించలేను. లీకు ఆపే ద్రావణం సీసా పోస్తే చలికాలం గట్టెక్కుతుందా?
– ఒక విద్యార్థి

జవాబు: చాలా సన్నని లీకైతే కొంతకాలం ఆగవచ్చు, కాని ఆ ద్రావణంలోని రేణువులు చిల్లును మాత్రమే వెతుక్కుంటూ పోవు. కాయిల్‌లోని సన్నని గొట్టాలనూ, రేడియేటర్‌నూ కూడా పూడుస్తాయి. హీటర్ వేడి తగ్గితే మీ రాష్ట్రపు చలిలో అద్దం మీది మంచు కరగదు. అక్కడ పైపులు కలిపేసి బండి నడపడం కూడా కుదిరే పని కాదు. తగ్గినప్పుడల్లా మామూలు నీళ్లు మాత్రం పోయకండి. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపితేనే సుమారు మైనస్ 37 డిగ్రీల సెల్సియస్ వరకు గడ్డకట్టకుండా ఉంటుంది. నీరు ఎక్కువైతే ఇంజన్ బ్లాకే పగిలిపోవచ్చు.

ఆ జీప్‌లో డ్యాష్‌బోర్డును కదిపి పెట్టె మొత్తం బయటికి తీయాలి. స్నేహితులతో కలిసి మీరే చేసుకునే పనైతే, ఏసీ గ్యాస్‌ను ముందుగా షాపులో తీయించండి; తెలిసి గాలిలోకి వదలడం అక్కడి చట్టప్రకారం నేరం. ఆ బండిలో ఎయిర్‌బ్యాగులు ఉన్నాయి కాబట్టి బ్యాటరీ వైరు తీశాక వెంటనే చెయ్యి పెట్టకుండా, సర్వీస్ పుస్తకంలో చెప్పినంత సేపు ఆగండి. చలి ముదరకముందే చేసుకోవడం మేలు.

ప్రశ్న: మా పాత కారుకు కొత్త హీటర్ కాయిల్ వేయించాం. లీకు లేదు గాని, డ్యాష్‌బోర్డు వెనక గుడగుడమని చప్పుడు వస్తోంది, గాలి గోరువెచ్చగానే ఉంటోంది. కాయిల్ నాసిరకమా?
– ఒక గృహిణి, నిజామాబాద్

జవాబు: అమ్మా, కాయిల్‌ను అనుమానించే ముందు లోపల చిక్కుకున్న గాలిని తీయించండి. చల్లని ఇంజన్‌తో, ముందువైపు ఎత్తుగా ఉండేలా కారు నిలిపి, రేడియేటర్ మూత తీసి, హీటర్ మీటను పూర్తి వేడి వైపు తిప్పి, ఇంజన్‌ను ఐడిల్‌లో నడపాలి. థర్మోస్టాట్ తెరుచుకుని బుడగలు ఆగేవరకు కొద్దికొద్దిగా కూలెంట్ పోస్తూ ఉండాలి. గాలి తీసే స్క్రూ ఉన్న కార్లలో దాన్ని కూడా వదులు చేయాలి. మర్నాడు ఉదయం చల్లారిన ఇంజన్‌లో మట్టం చూసి, తగ్గినంత నింపండి. మట్టం నిలకడగా ఉండి కూడా గాలి వేడెక్కకపోతే థర్మోస్టాట్ తెరుచుకునే ఉండిపోయిందేమో చూపించండి. గుడగుడ ఆగకుండా మట్టం రోజూ తగ్గుతూనే ఉంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ బ్లాకుకూ దాని పైన బిగించే హెడ్‌కూ నడుమ ఉండే సీలు) పరీక్ష చేయించాలి, అంతవరకు దూరప్రయాణాలు పెట్టుకోకండి.