ఫార్మసీలో టీకాకు ఒకసారి ప్రిస్క్రిప్షన్ అడిగి, ఇంకోసారి ఎందుకు అడగరు?

2025 ఆగస్టు చివర్లో పెన్సిల్వేనియాలో మీ నాన్నగారి కోవిడ్ టీకాకు ఫార్మసీలో ప్రిస్క్రిప్షన్ అడిగారని, కొద్దిరోజులకే అక్కర్లేదన్నారని రాశారు. ఫార్మసిస్టుకు టీకా వేసే అధికారం ఉన్నట్టా, లేనట్టా అన్నది మీ ప్రశ్న. ఆ అధికారాన్ని పెంచడం మంచిదేనా అని కూడా అడిగారు.

అధికారం ఉంది. అమెరికాలో 2009 నుంచి 50 రాష్ట్రాల్లోనూ ఫార్మసిస్టులు టీకాలు వేస్తున్నారు. కాకపోతే దాన్ని ఇచ్చేది రాష్ట్ర చట్టం. కొన్నిచోట్ల డాక్టరు ముందే సంతకం చేసిన స్టాండింగ్ ఆర్డర్ మీద వేస్తారు, కొన్నిచోట్ల ఫార్మసిస్టే సొంతంగా నిర్ణయించి వేస్తారు. చాలా చట్టాల్లో మాత్రం అప్పటికి ఒక షరతు ఉంది: అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీకి సలహాలిచ్చే ఏసీఐపీ కమిటీ సిఫార్సు చేసిన టీకాలే వేయాలి. 2025 ఆగస్టు 27న మందులకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ కొత్త కోవిడ్ టీకాను 65 ఏళ్లు, ఆపైబడినవారికి, అంతకన్నా చిన్నవారిలో ముప్పు ఎక్కువున్నవారికి ఆమోదించింది. కమిటీ సిఫార్సు అప్పటికింకా రాలేదు. దాంతో టీకా ఫ్రిజ్‌లో ఉన్నా డాక్టరు ప్రిస్క్రిప్షన్ లేకుండా వేయడానికి చట్టం ఒప్పుకోని పరిస్థితి. సెప్టెంబరు 3న పెన్సిల్వేనియా ఫార్మసీ బోర్డు పిల్లల వైద్యుల సంఘం లాంటి వైద్యసంఘాల సిఫార్సులనూ అనుసరించవచ్చని తేల్చింది. రెండు రోజులకు న్యూయార్క్ గవర్నరు ప్రత్యేక ఉత్తర్వు ఇచ్చారు. ఆ వారంలో ఫార్మసిస్టుల చదువూ నైపుణ్యమూ ఏమీ మారలేదు. అందుకే అధికారాన్ని ఒకే కమిటీకి ముడిపెట్టకూడదని గట్టిగా అంటాను. డాక్టరు అపాయింట్‌మెంట్ దొరకని పెద్దవాళ్లే అలాంటప్పుడు టీకా లేకుండా ఉండిపోతారు.

పెంచడం మంచిదే, శిక్షణ షరతులు సడలించకుండా. 2020 ఆగస్టులో అమెరికా కేంద్ర ఆరోగ్యశాఖ 3 నుంచి 18 ఏళ్ల పిల్లలకూ టీకాలు వేయమని ఫార్మసిస్టులకు అనుమతిచ్చినప్పుడు కనీసం 20 గంటల ప్రాక్టికల్ శిక్షణ, సీపీఆర్ సర్టిఫికెట్ ఉండాలంది. ఆ కొలత సరైనది.

ఎందుకంటే తప్పులు జరిగేది కౌంటర్ వెనకాలే. భుజం సంగతే చూడండి. చొక్కా చెయ్యి పైకి మడవకుండా మెడ దగ్గర్నుంచి కిందికి లాగితే భుజం సగమే కనిపిస్తుంది, సూది పైకి పడుతుంది. కీలు పక్కనున్న నీటితిత్తిలోకి మందు వెళితే నెలల తరబడి చెయ్యి లేవదు. భుజం కొసన తగిలే ఎముక నుంచి రెండు మూడు వేళ్ల కింద, కండ మధ్యలో, నిటారుగా గుచ్చాలి. మనిషి కూర్చుంటే వేసేవారూ కూర్చోవాలి. నిలబడి వేస్తే చెయ్యి తెలియకుండానే పైకి పోతుంది. సూది పొడవు బరువును బట్టి: 60 నుంచి 70 కిలోల వాళ్లకు ఒక అంగుళం సరిపోతుంది, 118 కిలోలు దాటిన మగవాళ్లకు ఒకటిన్నర అంగుళం కావాలి.

షింగిల్స్ అనే పొక్కుల జబ్బుకు వేసే షింగ్రిక్స్ టీకాలో ఇంకో చిక్కు. రెండు సీసాలొస్తాయి, ఒకదాంట్లో పొడి, ఇంకోదాంట్లో ద్రవం. హడావుడిలో ద్రవం ఒక్కటే ఎక్కించేస్తే అసలు టీకా పదార్థం వెళ్లనట్టే, ఆ డోసు లెక్కలోకి రాదు. కలిపాక ఆరు గంటల్లోపు వాడాలి. చలికి గడ్డకడితే పారేయాలి. ఫ్రిజ్ 2–8 డిగ్రీల మధ్య ఉండాలి, టీకాలు తలుపు అరల్లో పెట్టకూడదు. ప్రిస్క్రిప్షన్లు నింపుతూ, ఫోన్లు ఎత్తుతూ, మధ్యలో టీకాలు కూడా ఒక్కరే వేయాల్సివస్తే ఇవన్నీ జారిపోతాయి. అధికారంతో పాటు మనిషిని కూడా ఇవ్వాలన్నది అందుకే.

టీకా వేసే అధికారం ఉందంటే, వద్దని చెప్పే బాధ్యతా ఉన్నట్టే. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ల విషయంలో ఇది ముఖ్యం. ఆయాసానికో కీళ్లనొప్పులకో వైసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర వాడుతుంటారు, "చిన్న తెల్లమాత్రే కదా" అని చెప్పరు. రోజుకు 20 మిల్లీగ్రాములు లేదా అంతకన్నా ఎక్కువ, రెండు వారాలు పైబడి వాడితే ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా), చికెన్‌పాక్స్ లాంటి బతికున్న వైరస్ టీకాలు అప్పుడు వేయకూడదు. మాత్రల స్ట్రిప్పులు వెంట పట్టుకెళ్లండి. ఈ రకం టీకాలు రెండుంటే ఒకేరోజు వేయించాలి, లేదా 28 రోజులు ఆగాలి. వేయించుకున్నాక 15 నిమిషాలు అక్కడే కూర్చోబెట్టండి, ముఖ్యంగా ఇదివరకు ఎలర్జీ వచ్చినవాళ్లను.

వెళ్లేముందు ఫోన్ చేసి మూడు అడగండి: ఈ టీకాకు మీ దగ్గర స్టాండింగ్ ఆర్డర్ ఉందా, వయసు పరిమితి ఎంత, బిల్లు ఎవరికి వెళుతుంది? మెడికేర్ పార్ట్ డి (పెద్దవాళ్ల ప్రభుత్వ ఆరోగ్యబీమాలో మందుల భాగం) ఉన్నవాళ్లకు షింగ్రిక్స్ 2023 నుంచి ఉచితం, ఫార్మసీలో అయితే బిల్లింగ్ కూడా తేలిక. విజిటర్ వీసా మీదున్నవాళ్ల ఇన్సూరెన్సులు సాధారణంగా టీకాలకు డబ్బు కట్టవు, కాబట్టి ధర ముందే అడిగి ఉంచుకోండి. వేయించుకున్నాక కాగితం మీద రికార్డు కూడా తీసుకోండి. రెండో డోసు ఇండియా వెళ్లాక వేయించుకోవాల్సివస్తే అక్కడి డాక్టరు అదే చూసి వేస్తారు.